ఊరూ పేరూ లేని మూడు ఆధారాలు

జూన్ ఇరవై ఎనిమిది, శుక్రవారం. మధ్యాహ్నం మూడూ యాభైకి గ్లెండా ఒర్మరాడ్ స్టాఫ్ రూమ్ కంప్యూటర్‌లో ఒక జాబితా తెరిచింది. దాని పేరు 'కొత్త దారులు'. అందులో పదిహేడు మంది విద్యార్థుల పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా ఒక సబ్జెక్టు, ఒక శాతం ఉన్నాయి. మొదటి సంవత్సరం చివరి పరీక్షలో నలభై శాతం అందుకోని వారిని ఆ సబ్జెక్టు నుంచి తప్పించి 'మరింత అనువైన దారి' చూపించే ఈ పద్ధతిని వైస్ ప్రిన్సిపాల్ డంకన్ ప్రయర్ రెండేళ్ళ కిందట ప్రవేశపెట్టాడు. రెండో సంవత్సరంలో అడుగుపెట్టని విద్యార్థి కాలేజీ ప్రకటించే ఉత్తీర్ణత లెక్కలోకి రాడు. ఆ సంగతి జాబితాలో ఎక్కడా ఉండదు. స్టాఫ్ రూమ్‌లో మాత్రం అందరూ దాన్ని గెంటుడు జాబితా అనే అంటారు.

పదకొండో పేరు కీలీ విట్‌వర్త్. చరిత్ర. ముప్ఫై ఎనిమిది శాతం.

గ్లెండా ఆ వరుసను రెండుసార్లు చదివి, మార్కుల పట్టిక తీసింది. యాభై అయిదుకు ఇరవై ఒకటి. ఇరవై రెండు వచ్చి ఉంటే సరిగ్గా నలభై శాతం అయ్యేది. వ్యాసానికి ఇరవై అయిదుకు పదిహేడు వచ్చాయి. ఆధారాల ప్రశ్నకు ముప్ఫైకి నాలుగే వచ్చాయి. ఒకే పరీక్షలో ఒకే మనిషి రాసిన రెండు జవాబులకు ఇంత తేడా ఉండటం ఆమెకు నమ్మశక్యంగా అనిపించలేదు.

ఆ కాలేజీలో చేరేది పదహారేళ్ళు నిండిన పిల్లలు. రెండేళ్ళు మూడు సబ్జెక్టులు చదివి, ఏ-లెవెల్ పరీక్షలు రాసి విశ్వవిద్యాలయాలకు వెళ్తారు. గ్లెండా అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చరిత్ర చెబుతోంది. ఆమె పుట్టిన వీధి అక్కడికి పదకొండు వందల గజాలు. ఆమె తల్లి అదే ఊళ్ళో, లాంకషైర్ కొండల కింది మిల్లులో నేత పని చేసింది. మగ్గాల చప్పుడుకు చెవులు దెబ్బతిని, ఎదుటివారి పెదవులు చూసి మాట గ్రహించేది. గ్లెండాకు పదహారేళ్ళప్పుడు స్కూలుకు ఒక సలహాదారు వచ్చాడు. నాలుగు నిమిషాలు మాట్లాడి, పోస్టాఫీసు కౌంటరు ఉద్యోగం ఆమెకు సరిగ్గా సరిపోతుందని కాగితం మీద రాసిచ్చాడు. పోస్టాఫీసు ఉద్యోగం మీద ఆమెకు అప్పుడూ ఇప్పుడూ చిన్నచూపు లేదు. ఆమె పినతల్లి ఆ కౌంటరు వెనకే జీవితమంతా గౌరవంగా గడిపింది. తను రాసిన ఒక్క పేజీ కూడా చదవకుండా ఆ మనిషి తన గురించి తీర్పు చెప్పాడన్నదే గ్లెండా కోపం. యాభై ఎనిమిదో ఏట కూడా అది చల్లారలేదు.

ఆమె చరిత్ర శాఖకు అలవాటు చేసిన పద్ధతులన్నీ ఆ కోపంలోంచే పుట్టాయి. మొదటి వ్యాసాన్ని మార్కులు వెయ్యకుండా తిప్పి ఇస్తారు. విద్యార్థి మొదటి పేరాను మళ్ళీ రాసి తెచ్చాకే అంకె కనిపిస్తుంది. బుధవారం భోజన విరామంలో పద్నాలుగో నంబరు గది తెరిచి ఉంటుంది. చిప్సో, బంగాళదుంప పైయో చేత్తో పట్టుకొని ఎవరైనా రావచ్చు. అయితే తమ సందేహాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి. ఇక సెప్టెంబరు మొదటి వారంలో జరిగేది ముసుగు పాఠం. పరీక్షల్లో ఇచ్చే ప్రతి పాత ఉత్తరం కింద, అది ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారో తెలిపే రెండు వరుసలు ఉంటాయి. శాఖలో వాటిని 'ఊరూ పేరూ' అంటారు. ముసుగు పాఠంలో ఆ రెండు వరుసలూ తీసేసిన కాగితం పిల్లలకు ఇచ్చి, రాసినవారెవరో ఊహించమంటారు. అందరూ ధీమాగా ఊహిస్తారు, దాదాపు అందరూ తప్పుతారు. అప్పుడు అసలు కాగితం ఇస్తారు. ఊహ ఎంత తేలిగ్గా వస్తుందో, ఎంత ఘోరంగా మోసం చేస్తుందో మొదటి వారంలోనే తెలియాలని గ్లెండా దాన్ని మొదలుపెట్టింది.

కీలీ కిందటి సెప్టెంబరులో చేరింది. తల్లి వృద్ధుల సంరక్షణ గృహంలో పని చేస్తుంది. ఆరు బుధవారాలు కీలీ పద్నాలుగో గదిలో ఒక మూల కూర్చొని విన్నదే తప్ప ఏమీ అడగలేదు. ఏడో బుధవారం వ్యాసం పట్టుకొని లేచింది.

"మిస్, ఇదే పేరా మూడోసారి. ఇంకెన్నిసార్లు రాయాలి?"

"ప్రశ్నకి జవాబు అందులో కనపడేదాకా తల్లీ."

"జవాబు చెప్పలేం అని తేలితే?"

"చెప్పలేం అని రాయి. ఎందుకు చెప్పలేమో కూడా రాయి. దానికీ మార్కులుంటాయి."

గదిలో ఎవరో నవ్వారు. కీలీ నవ్వలేదు. ఆ మాటను నోటుపుస్తకం అంచున రాసుకుంది.

ఆ అమ్మాయికి ముప్ఫైకి నాలుగు.

గ్లెండా బీరువా తెరిచి కీలీ జవాబుపత్రం తీసింది. ఎవరి తరగతి పేపర్లు వారు దిద్దుకోకూడదన్నది శాఖ నియమం. గ్లెండా తరగతిలోని ఇరవై రెండింటినీ శాఖాధిపతి నదీమ్ అఖ్తర్ దిద్దాడు, అతని రెండు తరగతుల ముప్ఫై తొమ్మిదింటినీ ఆమె దిద్దింది. ఆధారాల జవాబు దగ్గర కీలీ గుండ్రని అక్షరాలతో ఇలా రాసింది: "ఈ మూడు ఉత్తరాలూ ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ప్రశ్నపత్రంలో లేదు. పర్యవేక్షకురాలిని అడిగాను, ఉన్నదానితో రాయమన్నారు. రాసినవారెవరో తెలియకుండా ఈ ఉత్తరాల విలువ కట్టలేం. ఎవరో ఒకరని నేను అనుకొని రాస్తే అది నా కల్పన అవుతుంది. కాబట్టి వీటిలో చెప్పిన సంగతులు మనకు తెలిసిన సంగతులతో ఎంతవరకు కలుస్తాయో అదొక్కటే రాస్తాను." దాని కింద ముప్పావు పేజీ, పొదుపుగా, తప్పు లేకుండా ఉంది. మార్జిన్‌లో నదీమ్ ఎర్ర సిరా: రచయితల గురించి ఏమీ రాయలేదు. మరింత శ్రద్ధ అవసరం.

ఆమె ప్రశ్నపత్రం తీసింది. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించినప్పుడు, 1536లో, ఉత్తరాది జనం చేసిన తిరుగుబాటు గురించి మూడు ఉత్తరాలు. ఒక్కొక్కదాని కింద సరిగ్గా రెండు వరుసల ఎత్తు ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఆమె వెంటనే గుర్తుపట్టింది. పాత ముసుగు పాఠాల కోసం ఆ వరుసలు తీసేసింది తనే; ఈ ఏటి పిల్లలకు ఆ పాఠంలో వేరే ఉత్తరాలు ఇచ్చారు.

నదీమ్ పక్క గదిలో బ్యాగు సర్దుకుంటున్నాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే శాఖలో ఆమె విద్యార్థి. ఇప్పుడు ఆమెకు పై అధికారి. మామూలుగా పేరు పెట్టి పిలుస్తాడు గాని, కంగారు పడితే పాత పిలుపు వచ్చేస్తుంది.

"నదీమ్, ఆధారాల ప్రశ్న ఏ ఫైలులోంచి తీశావ్?"

"మన ఫోల్డర్‌లోంచేగా. తిరుగుబాటు, మూడు ఉత్తరాలు. ఏమైంది?"

"వాటి ఊరూ పేరూ ఏవి?"

అతను కాగితం అందుకున్నాడు. చదివాడు. పేజీ తిప్పి వెనక చూశాడు, అక్కడేమైనా ఉంటుందేమోనని.

"అయ్యో మిస్. ఇది ముసుగు కాగితం."

"అవును, నేను తయారుచేసిందే. రెండు ఫైళ్ళకీ ఒకటే పేరు పెట్టింది కూడా నేనే."

"ఇరవై రెండు పేపర్లు దిద్దాను. ఎలా కనపడలేదు నాకు?"

"నేను ముప్ఫై తొమ్మిది దిద్దాను. నాకు మాత్రం కనపడిందా? ఆ ఉత్తరాలు ఎవరివో మనిద్దరికీ కంఠతా వచ్చు. పదేళ్ళు చెప్పాం. అక్కడ లేని వరుసల్ని కూడా చదివేసుకున్నాం."

నదీమ్ కుర్చీలో కూలబడ్డాడు. కీలీ పేపరు చదివాడు. తన ఎర్ర సిరా దగ్గరికి వచ్చేసరికి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"దీనికా నేను శ్రద్ధ గురించి నీతులు చెప్పింది! అరవై ఒక్క మందిలో శ్రద్ధగా చదివింది ఈ పిల్ల ఒక్కతే." గొంతు తగ్గించాడు. "మిస్, నాలుగుని అయిదు చేసేద్దాం. ఒక్క మార్కేగా. గీత దాటేస్తుంది. ఎవరూ అడగరు."

"ఎవరూ అడగరని మార్కులు మార్చే శాఖలో నేను పని చెయ్యను నదీమ్. పైగా ఆ పిల్లకి రావాల్సింది అయిదా?"

"కాదు."

"మరి?"

"సరే," అన్నాడతను. "పేపర్లు సగం నా కారులో పెట్టండి."

శని, ఆదివారాల్లో ఇద్దరూ అరవై ఒక్క పేపర్లనూ మళ్ళీ చదివారు. గ్లెండా భోజనాల బల్ల మీద గీతలు గీసిన కాగితం పెట్టుకొని లెక్క వేసింది. ఆరుగురు విద్యార్థులు రచయితల ఊసే ఎత్తలేదు. ఒక్కరు తెలియదని రాశారు. మిగిలిన యాభై నలుగురూ రచయితలను సృష్టించారు. మొదటి ఉత్తరం రాసింది నిజానికి రాజు పంపిన అధికారి. పిల్లల పేపర్లలో దాన్ని రాసినవారు పదకొండు రకాలుగా తేలారు: సన్యాసి, స్పెయిన్ రాయబారి, ఉన్ని వ్యాపారి, ఒకచోట ఏకంగా రాణి. 'రాయబారి కాబట్టి పక్షపాతం ఉంటుంది' అన్న వాక్యానికి గ్లెండా తన చేత్తోనే మూడు మార్కులు వేసింది. ఆ మూడంకె చూస్తుంటే ఆమెకు తన చేతి మీదే అసహ్యం వేసింది.

పిల్లలను ఆమె తప్పు పట్టలేదు. 'ఖాళీ వదిలితే సున్నా!' అన్న పోస్టరు కాలేజీ నడవాల్లో తొమ్మిది చోట్ల అంటించి ఉంది. ముసుగు పాఠం నేర్పినదాన్ని ఆ పోస్టరు రోజూ చెరిపేస్తూ వచ్చింది. కల్పించి రాసిన మాటలకు వేసిన మార్కులన్నీ తీసేస్తే ముప్ఫై ఎనిమిది మంది నలభై శాతం కిందికి పోతారు. ఆ అంకెను నదీమ్ విడిగా లెక్కించి సరిచూశాడు.

సోమవారం ఉదయం గ్లెండా కీలీని పద్నాలుగో గదికి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"అయితే పేపర్లోనే లేవా?" అంది కీలీ. "నేనే ఏదో పేజీ పోగొట్టుకున్నాననుకున్నా. పరీక్ష గదిలో ఆవిణ్ణి అడిగితే కసిరింది గదా, ఇంక నోరెత్తలేదు."

"తప్పు మాది తల్లీ. నాదీ, నదీమ్ సార్‌దీ."

"ఉత్తరం శనివారమే ఇంటికొచ్చింది మిస్. పిల్లల సంరక్షణ కోర్సుకి మారమని. మా అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది."

"ఫ్రిజ్ మీదా?"

"మంచి వార్తలన్నీ అక్కడే అంటిస్తుంది. 'కొత్త దారులు' అని ఉంది గదా, నాకేదో ఇచ్చారనుకుంది. ఎంత సంబరపడిందో. నేను చెప్పలేకపోయా." ఆ అమ్మాయి చేతి గోళ్ళ వైపు చూసుకుంది. "నేను చరిత్రకి పనికిరానేమో అనే అనుకున్నా, రెండ్రోజులూ."

ఒక మనిషిని బయటికి నెట్టే కాగితానికి అభినందన పత్రంలా పూలరంగులు పూసి పంపినవాడెవడో తన ఎదురుగా ఉంటే బాగుండునని గ్లెండాకు అనిపించింది.

బుధవారం పదకొండింటికి ఆ మనిషి ఎదురుగానే ఉన్నాడు. డంకన్ ప్రయర్ గదిలో బిస్కెట్ల పళ్ళెం, నీళ్ళ జగ్గు, గోడ మీద రంగురంగుల పట్టికలు. ఆయన మర్యాదస్తుడు. గ్లెండానూ నదీమ్‌నూ కూర్చోబెట్టి, టీ కలిపించి, మొత్తం విన్నాడు.

"దురదృష్టకరం గ్లెండా గారూ. కాకపోతే వివరాలు శుక్రవారంతో మూసేశాం. ఇప్పుడు తెరవడం కుదరదు."

"తప్పని తేలిన అంకెని మూసిపెట్టి ఏం చేసుకుంటారండీ?"

"ఒక్క అమ్మాయి కోసం మొత్తం విధానాన్ని కదపలేం గదా. రేపు ప్రతివాళ్ళూ వస్తారు."

"మంచిది. విధానం ప్రకారమే పోదాం." ఆమె గీతల కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. "ఊరూ పేరూ లేని ఉత్తరాలకి యాభై నలుగురు పిల్లలు రచయితల్ని పుట్టించారు. మేమిద్దరం బుద్ధిగా మార్కులు వేశాం. ఆ మార్కులు చెల్లవు. తీసేస్తే ముప్ఫై ఎనిమిది మంది మీ గీత కిందికి వస్తారు. వాళ్ళ పేర్లివిగో. వీళ్ళందరికీ కూడా కొత్త దారులు చూపించండి."

ప్రయర్ కాగితం చూశాడు. ఆయన మొహంలో మొదటిసారి మర్యాద కాస్త సడలింది.

"బెదిరిస్తున్నారా?"

"కూడికలు, తీసివేతలు చెబుతున్నాను. కావాలంటే మీరూ వేసి చూడండి."

"ఇది బయటికి పొక్కితే మచ్చ పడేది మీ శాఖకే. ఆలోచించారా?"

"పడనివ్వండి సర్," అన్నాడు నదీమ్. "ప్రశ్నపత్రం మీద సంతకం నాది. నేను రాసిస్తాను."

"ఒక్కటి అడుగుతాను ప్రయర్ గారూ," అంది గ్లెండా. "ఈ అమ్మాయి జవాబు మీరు చదివారా?"

"జవాబుపత్రాలు చదవడం నా పని కాదు. నేను అంకెలు చూడాలి. ఎనిమిది వందల మంది ఉన్నారిక్కడ."

"జాబితాలో ఉన్నది పదిహేడు మందే. పదిహేడు చదవడానికి ఒక పూట చాలు. మనిషిని గెంటేముందు వాళ్ళు రాసింది చదవాలని మీకెవరూ చెప్పలేదా?"

ప్రయర్ జగ్గు ఎత్తి, గ్లాసు నిండే ఉన్నట్టు గమనించి మళ్ళీ కింద పెట్టాడు. చివరికి ఆధారాల ప్రశ్నను అరవై ఒక్క మందికీ రద్దు చేసి, వ్యాసం మీదే శాతం కట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ లెక్కన కీలీకి అరవై ఎనిమిది శాతం. ఉత్తరం ఎల్లుండికల్లా పంపిస్తానన్నాడు.

మెట్లు దిగుతూ నదీమ్ ఊపిరి పీల్చుకున్నాడు. "గెలిచాం మిస్."

"ఇంకా ఏమీ చేతికి రాలేదు," అంది గ్లెండా.

శుక్రవారం వచ్చిన ఉత్తరాన్ని కీలీ సోమవారం పట్టుకొచ్చింది. తలుపు దగ్గరే నిలబడి పైకి చదివింది: "'మీ ప్రత్యేక వ్యక్తిగత పరిస్థితులను సానుభూతితో పరిశీలించిన మీదట, చరిత్రలో కొనసాగేందుకు షరతులపై అనుమతిస్తున్నాం.'" కాగితం మడిచింది. "ఇది నాకొద్దు మిస్."

"ఒద్దంటే?"

"నాకేం పరిస్థితులున్నాయి? మా ఇంట్లో ఎవరూ పోలేదు. నాకు జబ్బు చెయ్యలేదు. పరిస్థితి బాగోలేనిది ప్రశ్నపత్రానికి. ఇది ఫైల్లో ఉంటే రేపు విశ్వవిద్యాలయం వాళ్ళు ఏమనుకుంటారు? పాపం అని జాలిపడి ఉంచారనుకోరూ?"

గ్లెండా ఆ ఉత్తరం తీసుకొని తనూ చదివింది. ప్రశ్నపత్రంలో పొరపాటు జరిగిందన్న ముక్క అందులో ఎక్కడా లేదు. తప్పు చేసిన వారు క్షమించినట్టూ, తప్పు చేయని పిల్ల క్షమాభిక్ష పొందినట్టూ ఉంది. తనే ఆ వాక్యాన్ని మొదట చదివి ఉంటే, చోటు దక్కింది చాలని సర్దుకుపోయేదేమోనన్న అనుమానం ఆమెకు కలిగింది. ఆ అనుమానం ఆమెకు నచ్చలేదు.

"నువ్వు చెప్పిందే సరి. పద, నదీమ్ సార్ దగ్గరికి."

రెండో ఉత్తరం రావడానికి తొమ్మిది పనిదినాలు పట్టింది. మొదటి ముసాయిదాలో 'చిన్న అసౌకర్యం' అని ఉంటే నదీమ్ వెనక్కి పంపాడు. చివరకు వచ్చినదానిలో, ప్రశ్నపత్రంలో సాంకేతిక లోపం ఉన్నందున ఆ ప్రశ్న రద్దయిందనీ, కీలీ విట్‌వర్త్ ఎటువంటి షరతులూ లేకుండా రెండో సంవత్సరానికి అర్హురాలనీ ఉంది. 'సాంకేతిక' అన్న మాట కూడా అబద్ధమేనని గ్లెండా పెన్ను తీసింది.

"వద్దులే మిస్," అంది కీలీ. "లోపం ఉందని ఒప్పుకున్నారుగా, చాలు. దీన్నయితే మా అమ్మకి చూపించొచ్చు." కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకొంది. "ఒకటి అడగనా? ఆ జాబితాలో నాతోపాటు ఇంకా పదహారు మంది ఉన్నారంట గదా. వాళ్ళ పేపర్లు ఎవరైనా చదివారా?"

"తెలియదు తల్లీ."

"అడిగారా?"

గ్లెండా అడగలేదు. గణితంలో అయిదుగురు, జీవశాస్త్రంలో నలుగురు, తక్కినవారు అక్కడా ఇక్కడా. అవి తన శాఖవి కావు. ఆ మాట నోటి దాకా వచ్చింది గాని, ఆ పిల్ల ముందు పైకి అనలేకపోయింది.

ఆ సాయంత్రమే ఆమె డంకన్ ప్రయర్‌కు ఒక ఉత్తరం రాసింది. జాబితాలో మిగిలిన పదహారు మంది జవాబుపత్రాలను వారి శాఖల్లో రెండో మనిషి చదివారా, చదివి ఉంటే ఎవరు, ఏ తేదీన చదివారు అని అడిగింది. సెలవులు మొదలయ్యేలోపు జవాబు రాలేదు. ఆగస్టులో దాన్నే ఈమెయిల్లో మళ్ళీ పంపింది. ప్రయర్ సెలవులో ఉన్నారని యంత్రం బదులిచ్చింది. సెప్టెంబరు రెండో తేదీ, కాలేజీ తెరిచిన ఉదయం, పాఠాలకు నలభై నిమిషాల ముందు, అదే ఉత్తరం మూడో ప్రతిని చేత్తో పట్టుకొని ఆయన గది ముందున్న కుర్చీలో కూర్చుంది. కార్యదర్శి వచ్చి, సార్‌కు ఇవాళ ఖాళీ లేదని చెప్పింది.

"పరవాలేదు," అంది గ్లెండా. "నాకు తొమ్మిదింటి దాకా ఖాళీ ఉంది. రేపు కూడా వస్తాను."